డొనేషన్ ఎంతమ్మా?

ఒక నవంబర్ మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, పొదిలి వైపు నుంచి ఒక పెద్దాయన మా అకడమిక్ సెక్షన్ కౌంటర్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. పొగాకు రైతు. భుజం మీద తువ్వాలు, దాని కొంగులో ఏదో ముడి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "డొనేషన్ ఎంతమ్మా?" అని అడిగాడు.

నాకు గుండె గుభేలుమంది. మాది ప్రభుత్వ యూనివర్సిటీ కాలేజీ. పక్క సీట్లో ఉన్న సీనియర్ అసిస్టెంట్ గభాల్న ఫైల్లో తల దూర్చేశాడు. "డొనేషన్ ఏంటండీ, ఎవరడిగారు?" అన్నాను కాస్త గట్టిగానే, అందరికీ వినబడాలని. ఆయన కంగారు పడి ఫోన్ తీసి కొడుక్కి కలిపి నా చేతికిచ్చాడు. అవతల పిల్లాడు నసుగుతూ చెప్పాడు: "డొనేషన్ కాదు మేడమ్, కండోనేషన్."

హాజరు తగ్గితే కట్టే ఫీజు అది. ఆ సంవత్సరం ఐదు వందలు. పెద్దాయన తువ్వాలు కొంగులో ఇరవై వేలు కట్టుకుని తెచ్చాడు.

అంతటితో అయిపోలేదు. కట్టకపోతే "డిటెయిన్" చేస్తారని కూడా కొడుకు చెప్పాడట. ఆ మాటకి అర్థమేంటని ఈయన పొదిలిలో ఒక వకీలు గుమస్తాని అడిగితే, పోలీసులు పట్టుకుని ఉంచడం అన్నాడట ఆ గుమస్తా. ఆయన అన్నదీ తప్పు కాదు, కోర్టులో దానికి అర్థం అదే. కాలేజీలో మాత్రం పరీక్ష రాయనివ్వకుండా ఆపేయడం. అలా ఆ తండ్రి, కొడుకుని పోలీసులు తీసుకెళ్ళకుండా ఉండటానికి డొనేషన్ కట్టడానికి, రెండు బస్సులు మారి వచ్చాడు.

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, విషయం చెప్పాను. మొత్తం విని ఆయన ఒకే ఒక్క ప్రశ్న వేశాడు. "అంటే వాడు కాలేజీకి రావడం లేదా?"

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. అవతల చప్పుడు లేదు.

అర్థం కాని రూల్స్ వల్ల లాభపడేది ఆఫీసు ఒక్కటే అని చాలామంది అనుకుంటారు. కాదు. "కండోనేషన్ కట్టాలి నాన్నా" అన్న పిల్లాడు, "నాలుగు వందల క్లాసుల్లో నూట ఇరవై ఎనిమిది ఎగ్గొట్టాను నాన్నా" అని చెప్పకుండా తప్పించుకున్నాడు. బరువైన మాట వెనక ఎవరైనా దాక్కోవచ్చు. ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, తల్లిదండ్రులకు వెళ్ళే ఉత్తరం మార్చడం. "తమ కుమారుని హాజరునందలి కొరత" అనేది తీసేసి, "మీ అబ్బాయి 400 క్లాసుల్లో 272 క్లాసులకే వచ్చాడు" అని పెట్టించాను. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఉత్తరం నమూనా మా సెక్షన్‌దే. ఆ సెమిస్టర్‌లో హాస్టల్ పిల్లలు నన్ను తిట్టుకున్నంతగా ఎప్పుడూ తిట్టుకుని ఉండరు.

ఉత్తరం మార్చడం తేలికే. రూలు మార్చడమే కష్టం.

జేఎన్‌టీయూల కింద చదివిన ఏ ఇంజనీరుని అడిగినా 75, 65 అని రెండు అంకెలు నోటికొస్తాయి. 75 ఉంటే పరీక్ష రాయొచ్చు, 65కీ 75కీ మధ్య ఉంటే కండోనేషన్, 65 లోపయితే డిటెన్షన్. మా యూనివర్సిటీ రూలూ దాదాపు ఇలాంటిదే. పిల్లలకి ఇది ఒక్క శ్వాసలో చెప్పడం వచ్చు. కానీ పుస్తకంలో ఉన్న ఇంగ్లీషు వాక్యాన్ని పొల్లు పోకుండా తెలుగులోకి దింపితే ఇలా ఉంటుంది:

"ఏ విద్యార్థి అయినను ఒక సెమిస్టరునందు అన్ని సబ్జెక్టులలో మొత్తము మీద 75 శాతమునకు తక్కువ కాని హాజరు కలిగియుండని యెడల, సదరు విద్యార్థి సెమిస్టరు చివరి పరీక్షలకు అర్హుడు కాజాలడు, అయితే, సదరు హాజరు 65 శాతమునకు పైన మరియు 75 శాతమునకు దిగువన ఉండి, యథార్థమైన వైద్య కారణములు తగిన ఆధారములతో రుజువు చేయబడిన యెడల, నిర్ణీత రుసుము చెల్లింపునకు లోబడి, సదరు కొరతను క్షమించవచ్చును, ఇంకను, 65 శాతమునకు దిగువనున్న కొరత ఎట్టి పరిస్థితులయందును క్షమింపబడదు."

దీన్ని చదివి అర్థం చేసుకున్న విద్యార్థిని నా సర్వీసులో నేను చూడలేదు. వాళ్ళు చదవరు, కౌంటర్ దగ్గరికొస్తారు. "మేడమ్, నాకు పరీక్ష ఉందా లేదా?" అంటారు. మేం చెప్తాం. మేం చెప్పిందే రూలు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. అది నాకు బాగుండేది. లెక్చరర్లు కూడా వచ్చి "ఈ కేసు ఏం చేయొచ్చు మేడమ్?" అని అడిగేవాళ్ళు. డిగ్రీతో జూనియర్ అసిస్టెంట్‌గా చేరినదాన్ని, పీహెచ్‌డీ చేసినవాళ్ళకి రూల్ వివరించడమంటే చిన్న విషయమా! మా సెక్షన్ బీరువాలో ఎర్ర అట్ట పుస్తకం ఒకటి ఉండేది. నాకు ముందున్న సూపరింటెండెంట్లు, వాళ్ళకి ముందున్నవాళ్ళు, ఎప్పుడు ఏ కేసు ఎలా తేల్చారో అందులో రాసుకుంటూ వచ్చారు. ఒక పేజీలో ఇలా ఉంటుంది: "74.5 దాటినచో 75గా తీసుకొనవలెను. మౌఖిక ఆదేశము." కింద పొట్టి సంతకం. అది ఎవరిదో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ ఆదేశం ఇచ్చినవారు ఎవరో అసలే తెలియదు. కానీ ఏళ్ళ తరబడి పిల్లలు పరీక్షలు రాసింది ఆ ఒక్క ముక్క మీదే. అకడమిక్ కౌన్సిల్ ఆమోదించిన రెగ్యులేషన్ కంటే ఆ ఎర్ర పుస్తకానికే బలం ఎక్కువ.

కొత్త సిలబస్‌తో పాటు కొత్త రెగ్యులేషన్స్ వచ్చిన ఏడాది, పిల్లలకి ఇవ్వడానికి ఒక చిన్న పుస్తకం తయారు చేయమని ప్రిన్సిపాల్ గారు నాకు చెప్పారు. ఇంగ్లీషు ఒక పక్క, తెలుగు ఒక పక్క. పొదిలి పెద్దాయన ఇంకా నా మనసులో ఉన్నాడు. మంచి సమయమే అనుకున్నాను.

తెలుగు పక్క మొదలుపెట్టగానే ముందు నా చేతిలోంచే 'బడు' వచ్చేసింది. తిరస్కరించబడును, పరిగణింపబడదు, తెలియజేయబడును. ఇరవై ఏళ్ళు ఆఫీసులో ఉంటే కలం అలాగే తిరుగుతుంది. ఈ బడులో చిక్కేంటంటే, పని జరుగుతుంది గానీ చేసేవాడు కనపడడు. "దరఖాస్తు తిరస్కరించబడును." ఎవరు తిరస్కరిస్తారు? ప్రిన్సిపాలా, కమిటీనా, నేనా? తీసేసి "కమిటీ తిరస్కరిస్తుంది" అని రాద్దామంటే, ఏ కమిటీ అని పాత రూల్లో వెతకాలి. వెతికితే లేదు.

మా దగ్గర ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండ వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. ఆయన 1863లో పుట్టి, 1940లో పోయేదాకా, మాట్లాడే తెలుగులోనే రాయాలని పోట్లాడిన మనిషి. ఆ సభకి మా ఆఫీసు నుంచి వెళ్ళే సర్క్యులర్‌లో "దినోత్సవము ఘనముగా జరుపబడును, సిబ్బంది యావన్మందీ హాజరుకావలసినదిగా కోరడమైనది" అని ఉంటుంది. నేనే టైప్ చేసేదాన్ని.

మాటల కోసం పెద్దగా కష్టపడక్కర్లేదని తర్వాత తెలిసింది. దరఖాస్తు, హాజరు, గడువు, జరిమానా, రసీదు, రద్దు, మినహాయింపు. ఇందులో సగానికి పైగా నవాబుల కాలం నుంచి కచేరీల్లో తిరిగి మన ఇళ్ళలోకి వచ్చినవే, చదువు రాని మా అమ్మమ్మ కూడా వాడేది. తెలుగు శాఖలో ఒక మాస్టారు కండోనేషన్‌కి "హాజరు న్యూనతా క్షమాపణ" అని రాసిచ్చారు. ఆయన మీద గౌరవంతో పక్కన పెట్టుకున్నాను గానీ, కండోనేషన్ అనే ఉంచాను. పిల్లలు రోజూ అనే మాట అదే. కాకపోతే దాని పక్కనే అదేంటో ఒక వాక్యంలో చెప్పాను.

నన్ను బాగా ఇబ్బంది పెట్టిన మాట పెద్దదేం కాదు. 'వచ్చు.' "కొరతను క్షమించవచ్చును." కుర్రాడు చదివితే, క్షమించేస్తారు అనుకుంటాడు. "రేపు వాన పడవచ్చు" అన్నప్పటి వచ్చు అది. కమిటీ చదివితే, మా ఇష్టం అనుకుంటుంది. "మీరు వెళ్ళవచ్చు" అన్నప్పటి వచ్చు. ఇక మా ఎర్ర పుస్తకం చదివితే, సర్టిఫికెట్ ఉంటే క్షమించి తీరాలి. ఒకే మాట, ముగ్గురికి మూడు రూల్స్. ఇంగ్లీషులో 'మే' (చేయవచ్చు), 'షల్' (చేసి తీరాలి) మీద కోర్టుల్లో ఎంత రగడ ఉందో మా యూనివర్సిటీ వకీలు, స్టాండింగ్ కౌన్సిల్ గారు ఒకసారి చెప్పారు. మన తెలుగు 'వచ్చు' కూడా దానికి తీసిపోలేదు.

ఇలాంటిదే ఒక రీసెర్చ్ స్కాలర్ అడిగింది. ఇద్దరు పిల్లల తల్లి. యూజీసీ 2022 పీహెచ్‌డీ రెగ్యులేషన్స్ ప్రింట్ తెచ్చి, "నాకు ఆరేళ్ళా, ఎనిమిదా, పదా?" అంది. మూడూ ఉన్నాయి అందులో. కోర్సుకి గరిష్ఠంగా ఆరేళ్ళు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండు, కానీ మొత్తం ఎనిమిది దాటకూడదు. ఆ వెంటనే "అయితే" అని మొదలయ్యే ఇంకో వాక్యంలో, మహిళలకీ 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవాళ్ళకీ అదనంగా రెండేళ్ళు ఇవ్వవచ్చు, మొత్తం పది దాటకూడదు. ఇది కాక ప్రసూతికీ పిల్లల సంరక్షణకీ 240 రోజుల వరకు సెలవు. నేను ఒక చిత్తు కాగితం మీద నాలుగు గడులు గీసి చూపిస్తే అర నిమిషంలో పని అయిపోయింది. గైడ్‌ని అడిగితే ఎనిమిదే అన్నారట. ఆయన మొదటి "అయితే" దగ్గర ఆగిపోయారన్నమాట.

సరే, హాజరు రూలు. చివరికి నేను రాసింది ఇది:

"పరీక్ష రాయాలంటే ఆ సెమిస్టర్‌లో జరిగిన మొత్తం క్లాసుల్లో నూటికి 75 క్లాసులకైనా మీరు వచ్చి ఉండాలి. 65 నుంచి 75 లోపు ఉంటే, ఒంట్లో బాగాలేక రాలేకపోయామని డాక్టర్ సర్టిఫికెట్‌తో దరఖాస్తు పెట్టుకోండి. కాలేజీ అకడమిక్ కమిటీ ఒప్పుకుంటే, ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. దీన్ని కండోనేషన్ అంటారు. 65 కంటే తగ్గితే పరీక్ష రాయనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. దీన్ని డిటెన్షన్ అంటారు. దీనికీ పోలీసులకీ సంబంధం లేదు."

చివరి వాక్యం కమిటీ కొట్టేస్తుందని తెలిసే రాశాను. కొట్టేసింది.

మీటింగ్‌లో ఒక సీనియర్ ప్రొఫెసర్ కాగితం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇది పదో తరగతి పిల్లల భాషమ్మా. రెగ్యులేషన్‌కి ఒక హుందాతనం ఉంటుంది." ఇంకొకరు, "కోర్టులో నిలబడదు" అన్నారు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 819 సెక్షన్లను 536కి దించారు. ఐదు లక్షల పన్నెండు వేల మాటల్ని రెండు లక్షల అరవై వేలకి తెచ్చారు. "అయితే", "ఇంకను అయితే" అంటూ తోకలుగా వేలాడే ప్రొవైజోలన్నీ తీసేసి, ఉండాల్సిన చోట ఉపవిభాగాలుగా పెట్టారు. డబ్బుకి సంబంధించిన చట్టమే ప్రొవైజోలు లేకుండా నిలబడితే, మా హాజరు రూలుకి ఏమవుతుంది? రిటైరయ్యాక జవాబులు బాగానే తడతాయి.

హుందాతనం గురించి నలభై నిమిషాలు మాట్లాడారు. తర్వాత నేను మూడు ప్రశ్నలు అడిగాను. తేలిక మాటల్లో రాద్దామని కూర్చుంటే నాకు ఎదురైన ప్రశ్నలే అవి, సమాధానం తెలియక వాక్యం ముందుకు సాగని చోట్లు.

మొదటిది: "మొత్తము మీద" అంటే ఏంటి? ఒక పిల్లాడు థియరీ 60 క్లాసుల్లో 36కి వచ్చాడు, 60 శాతం. ల్యాబ్ 20కి 20 వచ్చాడు, నూరు శాతం. శాతాలు కలిపి సగం చేస్తే 80. క్లాసులు కలిపి చూస్తే 80లో 56, అంటే 70. ఒక లెక్కలో వాడికి పరీక్ష ఉంది, ఇంకో లెక్కలో కండోనేషన్ కట్టాలి. ఏది మన లెక్క? గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఒక డిపార్ట్‌మెంట్ హెడ్ "మేం మొదటిది చేస్తున్నాం" అన్నారు. పక్కనున్న హెడ్ ఆయన వైపు చూసి, "మేం రెండోది" అన్నారు. ఒకే కాలేజీ, ఒకే కారిడార్.

రెండోది: పాత వాక్యంలో 65కి పైన ఉంటే క్షమించవచ్చు, 65కి దిగువన ఉంటే లేదు. సరిగ్గా 65 ఉంటే? 400లో 260 వచ్చినవాడు ఎటు? ఆ వాక్యం ప్రకారం వాడు అసలు లేడు.

మూడోది: 74.6ని 75 అనుకోవచ్చా?

నాకు అప్పుడు అర్థమైంది, వీళ్ళు బరువైన భాష కోసం పట్టుబట్టింది భాష మీద ప్రేమతో కాదు. ఆ భాషలో ఉన్నంతకాలం ఈ మూడూ తేల్చక్కర్లేదు. తేల్చే పని కింద కౌంటర్‌లో జరిగిపోతుంది. పొరపాటు జరిగితే అది సూపరింటెండెంట్ పొరపాటు. నా రూలు తేలిగ్గా ఉందని వాళ్ళు అన్నారు గానీ, నిజానికి అది వాళ్ళ నెత్తిన బరువు పెట్టింది.

తేల్చారు, గంటన్నర పట్టింది. మొత్తం క్లాసుల లెక్కే లెక్క. సరిగ్గా 65 ఉన్నవాళ్ళకి కండోనేషన్ ఉంటుంది. మూడో దానికి ఆ సీనియర్ ప్రొఫెసరే పట్టుబట్టి ఒక వాక్యం చేర్పించారు: "దశాంశాన్ని పై అంకెకి సరిపెట్టరు." ఎంత చక్కటి వాక్యం! ఎవరికైనా అర్థమవుతుంది. నేను కాదనలేకపోయాను, తేలిగ్గా రాయమన్నదాన్ని నేనే కదా.

పుస్తకం అచ్చయింది. కౌంటర్ దగ్గర రద్దీ తగ్గింది, ఆ మాట నిజం. పిల్లలు పేజీ తెరిచి చూపించి, "నాకు 71, సర్టిఫికెట్ ఎక్కడివ్వాలి?" అని నేరుగా అడిగేవాళ్ళు. (సర్టిఫికెట్ల సంగతి వేరే పోస్టు. నవంబర్‌లో మా ఊళ్ళో టైఫాయిడ్ రాని ఇంజనీరింగ్ కుర్రాడు ఉండడు, డాక్టర్ల చేతిరాత కూడా ఒకేలా ఉంటుంది.)

తర్వాతి ఏడాది ఒక అమ్మాయి వచ్చింది. 74.6. జబ్బు చేయలేదు, అబద్ధపు సర్టిఫికెట్ తేనంది. వాళ్ళ నాన్న మంచాన పడితే చూసుకోవడానికి ఊరెళ్ళింది. పాత రోజుల్లో అయితే ఎర్ర పుస్తకం తెరిచి, ఆ పొట్టి సంతకాన్ని చూసుకుని, "పోమ్మా, పరీక్ష రాయి" అనేదాన్ని. ఇప్పుడు ఆ పని నావల్ల కాదు. రూలు అందరికీ అర్థమయ్యేలా నేనే రాశాను, ఆ అమ్మాయికి కూడా అర్థమైంది. ఒంట్లో బాగాలేకపోతే అని ఉంది గానీ, ఇంట్లో బాగాలేకపోతే అని లేదు.

ఆ అమ్మాయి ఏడవలేదు, బతిమాలలేదు. పుస్తకంలో ఆ పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. తర్వాత తలెత్తి, "మేడమ్, కమిటీ ఒప్పుకోకపోతే ఎవరికి చెప్పుకోవాలో ఇందులో లేదు" అంది.

నేను కళ్ళజోడు సవరించుకుని చదివాను. లేదు. పాత దానిలోనూ లేదు, కాకపోతే అందులో ఆ సంగతి ఎవరికీ కనపడేది కాదు.

తెల్ల కాగితం ఇచ్చి, వైస్ ఛాన్సలర్ గారి పేరిట దరఖాస్తు రాయమన్నాను. ఆ అమ్మాయి రాస్తుండగా బీరువా తీసి ఎర్ర పుస్తకంలో తారీఖు వేసి, "74.6, తండ్రి అనారోగ్యం, వీసీ గారికి పంపడమైనది" అని రాసి, కింద పొట్టి సంతకం పెట్టాను.